హృదయ శస్త్రచికిత్సానంతరము తొలి రాత్రి



గుండె ఆపరేషను ముగిసి, వైద్యుడు బయటికి వచ్చి, అంతయు సవ్యముగా జరిగినదని చెప్పిన క్షణమున, తెల్లవారుజామునుండి ఆసుపత్రి వరండాలో కాచుకొనియున్న బంధువులు గండము గడచినదని తలచి, ఇంటికి ఫోను చేసి, మ్రొక్కుకొన్న దేవునికి చేతులెత్తి నమస్కరింతురు. ఆ సంతోషము న్యాయమైనదే. అయినను, ఎముకకో ఉదరమునకో చేసిన చికిత్సకును, గుండెకు చేసిన చికిత్సకును నడుమ ఒక ముఖ్యభేదము కలదు. కత్తి పట్టిన చేయి తన పని ముగించిన తరువాత కూడ, గుండె విషయమున ఇంకను 12, 24 గంటలపాటు చికిత్సలో ఒక భాగము మిగిలియే యుండును. అది శస్త్రశాలలో గాక ఐ.సి.యు.లో, రోగి మంచము ప్రక్కన వ్రేలాడు ఒక గాజువంటి పెట్టెలోనికి బొట్టుబొట్టుగా దిగు రక్తమును గంటగంటకు లెక్కించుచు, ఆ లెక్కలోని అర్థమును గ్రహించు మనుష్యుల చేతులలో జరుగును. ఈ సాయంకాలము ఆ మిగిలిన భాగమును గూర్చియే మాటాడదలచితిని. ఏలయన, దానిని గూర్చి మన ఇండ్లలో తెలిసినది మిక్కిలి స్వల్పము, తెలియవలసినది అధికము.

రక్తమునకు ప్రకృతి రెండు ధర్మములు విధించినది. నాళములలో నున్నంతకాలము అది ద్రవముగా ప్రవహింపవలెను. నాళము తెగినచోట అది తక్షణమే గడ్డకట్టి గండి పూడ్చవలెను. పరస్పరవిరుద్ధములైన ఈ రెండు ధర్మములును ఒకే ద్రవ్యమునందు నిమిషనిమిషమును సమతూకముగా నిలిచియుండుటచేతనే మనము బ్రదికియున్నాము. హృదయ శస్త్రచికిత్స చేయువారు ఈ రెండవ ధర్మమును కొన్ని గంటలపాటు తెలిసి తెలిసి రద్దు చేయుదురు. గుండెను నిలిపి, దానిని తెరచి, లోపలి కవాటమును మార్చవలెనన్నను, పుట్టుకతో నేర్పడిన రంధ్రమును మూయవలెనన్నను, రక్తమును శరీరమునుండి వెలుపలికి తెచ్చి, ప్లాస్టిక్కు గొట్టములగుండ, కృత్రిమమైన ఊపిరితిత్తిగుండ నడిపి, ప్రాణవాయువుతో నింపి, మరల ధమనిలోనికి పంపవలెను. పరాయి వస్తువును తాకిన రక్తము గడ్డకట్టక మానదు. కావున హెపారిన్ అను ఔషధము లేనిదే ఈ విద్యయే లేదు.

ఆ ఔషధము దొరకిన విధము విచిత్రమైనది. 1916లో, అమెరికాలోని బాల్టిమోరు నగరమున, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయములో, విలియమ్ హోవెల్ అను శరీరధర్మశాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో పనిచేయుచుండిన జే మెక్లీన్ అను వైద్యవిద్యార్థి, రక్తమును గడ్డకట్టించు పదార్థమును వెదకుచు వెదకుచు, అందుకు సంపూర్ణముగా విపరీతమైన గుణముగల పదార్థమును కుక్క కాలేయమునుండి కనుగొనెను. దానిని శుద్ధిచేసి, మనుష్యులకు నిరపాయముగా ఈయగల స్థితికి తెచ్చుటకు ఇంచుమించు ఇరువది యేండ్లు పట్టినది. తరువాత 1953 మే 6వ తేదీన, ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ అను శస్త్రవైద్యుడు, తాను దాదాపు ఇరువది సంవత్సరములు శ్రమించి నిర్మించిన గుండె–ఊపిరితిత్తుల యంత్రము సాయముతో, పదునెనిమిదేండ్ల యువతి గుండెగోడలోని రంధ్రమును మూసి ఆమెను బ్రదికించెను. మన దేశమున ఈ విద్య 1960ల తొలి సంవత్సరములలో వేలూరు, బొంబాయి నగరములలో వ్రేళ్ళూనినది. మన జిల్లాలనుండి గుండెజబ్బువారు రైలెక్కి వేలూరు పోయెడి కాలమును ఎరిగినవారు శ్రోతలలో ఎందరో ఉందురు.

యంత్రమును నడుపుటకు పూర్వము, రోగి బరువులో ప్రతి కిలోగ్రామునకు 300 మొదలు 400 యూనిట్ల వరకు హెపారిన్ ఇత్తురు. రక్తము గడ్డకట్టు కాలమును కొలుచు పరీక్షలో, సాధారణముగా రెండు నిమిషములకు అటునిటుగా గడ్డకట్టవలసిన రక్తము, 480 సెకండ్లు, అనగా ఎనిమిది నిమిషములు దాటినను ద్రవముగానే యుండినపుడుగాని యంత్రమును ప్రారంభింపరు. పని ముగియగానే ప్రోటమిన్ అను వేరొక మందిచ్చి హెపారిన్‌ను నిర్వీర్యము చేయుదురు. ఈ ప్రోటమిన్ చేపల శుక్రమునుండి లభించు పదార్థము; హెపారిన్‌కు ఇది విరుగుడగునని 1937లో ఛార్గాఫ్, ఓల్సన్ అను శాస్త్రజ్ఞులు నిరూపించిరి.

ఇట్లు విరుగుడు పడినంతనే రక్తము పూర్వస్థితికి వచ్చునని అనుకొనుట పొరపాటు. యంత్రములో గంటలకొలది తిరిగిన రక్తమునందలి ప్లేట్‌లెట్లు కొన్ని నశించి, మిగిలినవి అలసి, తమ పనిని మరచియుండును. యంత్రమును నింపుటకు పోసిన ద్రవముచేత గడ్డకట్టించు అంశములు పలుచబడియుండును. ఏర్పడిన గడ్డను కరగించు సహజశక్తి శరీరమునందు విజృంభించియుండును. శరీరమును చల్లబరచి చేసిన చికిత్సయైనచో, ఆ చల్లదనముచేత గడ్డకట్టు ప్రక్రియలన్నియు మందగించియుండును. ఇంతేగాక, ధాతువులలో దాగిన హెపారిన్ కొంత, ప్రోటమిన్ ప్రభావము తగ్గిన పిమ్మట, కొన్ని గంటలకు మరల రక్తములోనికి వెలువడుటయు కలదు. శస్త్రశాలనుండి ఐ.సి.యు.కు వచ్చు రోగి, బాగుచేయబడిన గుండెతో పాటు, గాయపడిన రక్తమును కూడ వెంటబెట్టుకొని వచ్చును. గుండెను బాగుచేయుట ఉదయమున జరిగినది. రక్తమును బాగుచేయుట ఆ రాత్రి జరుగవలసియున్నది.

ఈ నడిమి కాలమున కొంత రక్తము స్రవించుట తప్పదు. నిలువుగా కోసి, తీగలతో మరల బిగించిన రొమ్ముటెముకనుండి, రక్తనాళమును విడదీసికొన్న చోటులనుండి, కుట్లు పడిన సూదిరంధ్రములనుండి అది ఊరుచుండును. ఊరిన రక్తమునకు వెలుపలికి దారి ఉండవలెను. అందుకొరకే రొమ్ము మూయుటకు పూర్వము, గుండె ముందొకటి, క్రిందొకటి, ఊపిరితిత్తి ఆవరణము తెరువబడినచో అందొకటి, ఇట్లు రెండు మూడు గొట్టములనుంచి, వాని చివరలను పొట్టపై భాగమునుండి బయటికి తీయుదురు. వీనినే ఆసుపత్రులలో డ్రెయిన్లందురు. సాధారణముగా అవి చిటికెనవ్రేలి లావున నుండును.

రొమ్ములోనికి గొట్టమునుంచుటలో ఒక సూక్ష్మము కలదు. మనము ఊపిరి పీల్చునపుడు రొమ్ములోపలి పీడనము బయటి వాతావరణ పీడనముకన్న తక్కువగును. గొట్టమును ఊరక బయటికి వదలినచో, రక్తము వెలువడుటకు మారుగ గాలి లోనికి చొచ్చి ఊపిరితిత్తిని నలిపివేయును. ఈ చిక్కునకు 1875లో, జర్మనీలోని హాంబర్గు నగరమున గొట్హార్డ్ బ్యూలావ్ అను వైద్యుడు, రొమ్ములో చీము చేరిన రోగికి చికిత్స చేయుచు, అత్యంత సరళమైన ఉపాయమును ప్రయోగించెను. గొట్టము చివరను సీసాలోని నీటిలో ముంచియుంచెను, అంతే. లోపలినుండి వచ్చు ద్రవమును గాలియును నీటిగుండ వెలువడును. బయటిగాలి నీటిని దాటి లోనికి పోజాలదు. నేడు మనము చూచు మూడు గదుల ప్లాస్టిక్కు పెట్టె ఎంత నాజూకుగా కనబడినను, దాని మర్మము ఆ సీసాలోని రెండు సెంటీమీటర్ల లోతు నీరే. దానికి తరువాతివారు చేర్చినది, ద్రవమును లాగుటకు 10 మొదలు 20 సెంటీమీటర్ల నీటికి సమానమైన మృదువైన ఆకర్షణమును, దిగిన రక్తమును కొలుచుటకు గీతలు గీసిన గదియును.

ఆ గొట్టము ఎందుకంత ముఖ్యమో తెలియవలెనన్న, గుండెచుట్టు నున్న ఆవరణమును గూర్చి తెలిసికొనవలెను. హృదయావరణము పలుచనిదేగాని త్వరగా సాగు గుణము లేనిది. ఆరోగ్యవంతునిలో అందు 15 మొదలు 50 మిల్లీలీటర్ల వరకు మాత్రమే ద్రవముండును. క్రొత్త తోలుతిత్తిని నెమ్మదిగ నింపుచు పోయిన అది సాగి సాగి ఎంతో నీటిని పట్టును గాని, ఒక్కుమ్మడిగ నింపబోయిన బిగిసి ఎదురుతిరుగును. ఆవరణము స్వభావమును అట్టిదే. నెలల తరబడి చేరు వ్యాధిద్రవమైనచో లీటరు మించినను గుండె ఓర్చుకొనును. నిమిషములలో చేరు రక్తమైనచో 150, 200 మిల్లీలీటర్లు, అనగా ఒక గ్లాసెడు, చాలును ప్రాణము తీయుటకు. ఒత్తిడికి లోనైన గుండె ముడుచుకొనగలదు గాని, విప్పారి నిండజాలదు, నిండనిదే పంపదు. శస్త్రచికిత్సానంతరము ఆ ఆవరణమును సాధారణముగా పూర్తిగా కుట్టక విడుతురు. అయినను, ముందు మూసిన రొమ్ముటెముకకును వెనుక వెన్నెముకకును నడుమ, ఒక మూల చేరిన గడ్డ, కర్ణికనో జఠరికనో అదిమిపట్టుటకు చోటు చాలును. అమెరికాలోని క్లీవ్‌లాండు నగరపు శస్త్రవైద్యుడు క్లాడ్ బెక్, 1935లో ఈ స్థితికి మూడు గుర్తులు చెప్పెను: రక్తపీడనము పడిపోవుట, మెడసిరలు ఉబ్బుట, గుండెచప్పుడు అణగిపోవుట. ఆపరేషనైన రోగియందు ఈ మూడును ఒక్కమారు కనబడునని ఎదురుచూచుచు కూర్చున్నచో కాలము మించిపోవును. అట్టి రోగియందు లక్షణములు మారుచుండును, గడ్డ చేరిన మూలను బట్టి ఒక గుర్తు కనబడును, ఒకటి కనబడదు.

ఇపుడు నేను ముఖ్యముగా చెప్పదలచిన మాటకు వచ్చితిని. ఐ.సి.యు. అద్దపు తలుపులగుండ చూచు బంధువులకు, పెట్టెలో ఎర్రని ద్రవము కనబడినచో గుండె ఝల్లుమనును. అది నిలిచిపోయినదని విన్నచో మనస్సు కుదుటపడును. ఈ రెండు భావములును సహజములే, కాని రెండును నమ్మదగినవి కావు. రక్తము దిగుట ఆపదయని చెప్పుటకు లేదు. దిగకపోవుట క్షేమమనియు చెప్పుటకు లేదు. తొలి గంటలలో కొంత దిగి, గంటగంటకు తగ్గుచు, రంగు చిక్కని ఎరుపునుండి పలుచని గులాబివన్నెకు మారుచు పోవుట శుభలక్షణము. గంటకు 200, 300 మిల్లీలీటర్ల చొప్పున వరుసగా రెండు మూడు గంటలు దిగుచున్నను, తొలి గంటలోనే అర లీటరు దిగినను, వైద్యులు మరల శస్త్రశాలకు తీసికొనిపోవు విషయమును ఆలోచింతురు. ఇది అందరెరిగిన ప్రమాదము. కంటికి కనబడు ప్రమాదము. కంటికి కనబడనిది వేరొకటి యున్నది. గంటకు 150 చొప్పున దిగుచుండిన రక్తము అకస్మాత్తుగా పదికి, సున్నకు పడిపోయిన సమయమున, స్రావము ఆగినదా, లేక గొట్టము పూడినదా అను ప్రశ్న పుట్టని మనస్సు ఆ మంచము ప్రక్కన ఉండరాదు. గొట్టము పూడినచో రక్తము ఆగలేదు. అది లోపలనే చేరుచున్నది. రోగి నాడి వేగము పెరిగి, మూత్రము తగ్గి, కాళ్ళు చేతులు చల్లబడి, సిరలలోని పీడనము మెల్లమెల్లగ లేచుచు, ధమనిపీడనము దిగజారుచు, పెట్టెమాత్రము నిర్మలముగా నున్నపుడు, ఆ నిర్మలత్వమునే అనుమానింపవలెను.

ఈ అనుమానము యంత్రమునకు కలుగదు. మానిటరు అంకెలను చూపును. ఒక అంకెను వేరొక అంకెతో కలిపి చదువునది నర్సు. గంటగంటకు పెట్టెపై గీతను చూచి కాగితముపై వ్రాయుట తేలికపనిగ కనబడవచ్చును. కాని, రాత్రి రెండు గంటలవేళ, వైద్యుని నిద్రలేపవలెనా, ఇంకొక అరగంట చూడవలెనా అను నిర్ణయము ఆ వ్రాతనుండియే పుట్టును. ఆ అరగంటలో ఒక ప్రాణమున్నది. గొట్టము మెలిపడకుండ, రోగి వీపుక్రింద నలగకుండ, మంచము ప్రక్కన వంపు తిరిగి అందు రక్తము నిలువకుండ, పెట్టె ఎల్లవేళల రొమ్ముకన్న క్రిందనే యుండునట్లు, ఎక్స్‌రేకు తీసికొనిపోవునపుడెవరును దానిని రోగి ఒడిలో పెట్టకుండ చూచు బాధ్యత ఆమెదే. శస్త్రవైద్యుని పేరు ఊరంతయు చెప్పుకొనుట ఉచితమే. ఆ రాత్రి కావలియున్న నర్సు పేరును తెలిసికొనువారు అరుదు. ఈ విషయమున మన సమాజము చేయుచున్న లోపమును నేను బాధతో చెప్పుచున్నాను.

గొట్టము పూడకుండుటకు పూర్వకాలమున దానిని రెండు చేతులతో బిగించి పైనుండి క్రిందికి దూయుట ఆచారముగ నుండెను. 1980ల తొలినాళ్ళలో కొలిచి చూచినపుడు, అట్లు దూసినందువలన గొట్టములో పుట్టు ఆకర్షణము ఒక్కొక్కమారు 400 సెంటీమీటర్ల నీటికి సమానమగునని తేలినది. మనము ఉద్దేశించునది 20, కలుగునది 400. కుట్లు పడిన లేత కణజాలముపై అంత లాగుడు పడుట హితము కాదు. కావున నేటి వైద్యులు ఆ ఆచారమును మానుకొనుటయే మేలందురు. మానుకొన్నంతమాత్రమున పూడిక సమస్య తీరదు; కనబడు భాగము నిర్మలముగా నుండియు, శరీరములోపలి భాగమున గడ్డ బిగిసియుండుట కలదు. లోపలనే గడ్డను తొలగించు ఏర్పాటుగల గొట్టములు కొన్నిచోట్ల వాడుకలోనికి వచ్చినవి.

లోపల మిగిలిన రక్తము ప్రాణముమీదికి తేకున్నను, నిరపాయముగ నూరకుండదు. గుండెచుట్టు మిగిలి కరగుచున్న రక్తము మంటను పుట్టించి, ఆపరేషనైన రెండవ మూడవ దినమున గుండెలయ తప్పుటకు కారణమగునని చాలకాలముగ అనుమానముండెను. న్యూయార్కులో జరిగి 2021లో వెలువడిన ఒక పరిశోధనలో, 420 మంది రోగులను రెండు వర్గములుగ విభజించి, ఒక వర్గమునకు హృదయావరణము వెనుకభాగమున చిన్నకోత పెట్టి, అచట చేరు రక్తము ఎడమ ఊపిరితిత్తి ప్రక్కకు జారునట్లు చేసిరి. లయ తప్పినవారు కోత లేని వర్గమున నూటికి 32 మంది. కోత గల వర్గమున 17 మంది. ఇంత చిన్న పనివలన ఇంత ఫలము కలుగుట శస్త్రవిద్యలో తరచుగ చూడము.

స్రావము అధికమైనపుడు రెండు ప్రశ్నలు పుట్టును. ఎచ్చటనో ఒక నాళము విడివడి కారుచున్నదా? లేక రక్తమే గడ్డకట్టు గుణమును కోల్పోయి అంతటినుండి ఊరుచున్నదా? మొదటిదానికి కుట్టు మందు. రెండవదానికి కుట్టు నిష్ప్రయోజనము. ఈ భేదమును తెలిసికొనుటకు ప్లేట్‌లెట్ల సంఖ్యను, ఫైబ్రినోజెన్ అను గడ్డకట్టించు అంశమును, గడ్డకట్టు కాలములను పరీక్షింతురు. 1948లో జర్మనీలో హార్టర్ట్ కనిపెట్టిన పద్ధతినుండి పెరిగిన యంత్రములతో, గడ్డ ఎంతసేపటికి మొదలగును, ఎంత గట్టిపడును, ఎప్పుడు కరగును అను చరిత్రనంతయు బొమ్మగీసి చూతురు. ఈలోగా దుప్పట్లతో, వెచ్చనిగాలితో రోగిని వేడిచేయుదురు. కాల్షియము తగ్గిన పూరింతురు. రక్తపీడనము మించి క్రొత్తకుట్లను త్రెంచకుండ అదుపుచేయుదురు. గడ్డ త్వరగా కరగకుండ ఆపు ట్రానెక్సామిక్ ఆమ్లమును శస్త్రశాలలోనే ఇచ్చియుందురు. దీనిని జపానులో ఉతాకో ఒకామోతో అను వైద్యురాలు భర్తతో కలిసి పరిశోధించి, 1962లో లోకమునకందించెను. ప్రసవానంతర రక్తస్రావమున తల్లుల ప్రాణములు కాపాడుటకని ఆమె వెదకిన ఈ చౌకమందు నేడు గుండె ఆపరేషన్లలో నిత్యోపయోగమైనది.

ఇవన్నియు చేసినను ఆగనిచో, మరల రొమ్ము తెరువవలెను. నూటికి ఇద్దరు మొదలు ఐదుగురి వరకు రోగులకు ఈ అవసరము కలుగును. 'మళ్ళీ తీసికొనిపోవుచున్నాము' అను మాట విని బంధువులు మొదటి ఆపరేషను చెడినదని వాపోవుదురు. అట్లనుకొనవలదు. తెరచిన వెంటనే గడ్డ తీసి, కారుచోట ఒక కుట్టు వేసినంతనే పీడనము లేచి, రోగి తేరుకొనుట చాల సందర్భములలో జరుగును. హాని చేయునది తిరిగి తెరచుట కాదు; తెరువవలెనా వలదా అని తెల్లవారువరకు తర్కించుట. గుండెయే నిలిచిపోయినచో, శస్త్రశాలకు పోవు వ్యవధియు లేదు. 5 నిమిషములలో ఐ.సి.యు. మంచముమీదనే రొమ్ము తెరువవలెనని నేటి నియమము. మంచి ఐ.సి.యు.లో అందుకు కావలసిన పరికరముల పెట్టె సిద్ధముగ నుండును.

కోల్పోయిన రక్తమునకు రక్తమెక్కించుటయే విరుగుడని మనవారి నమ్మకము. యంత్రయుగపు ఆరంభమున ఒక్క ఆపరేషనుకు సీసాలకొలది రక్తము కావలసియుండెను. నేడట్లు కాదు. 2017లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరిశోధనలో, సుమారు 5,000 మంది రోగులను పరిశీలింపగా, హీమోగ్లోబిన్ 7.5 గ్రాములకన్న తగ్గిన పిమ్మటనే రక్తమెక్కించిన రోగులకును, 9.5 వద్దనే ఎక్కించుచు వచ్చిన రోగులకును నడుమ ఫలితములలో భేదమేమియు కానరాలేదు. కావున 'ఇంకొక సీసా ఎక్కించరాదా' యని వైద్యుని బలవంతపెట్టుట మేలు కాదు. అయినను, కావలసినపుడు రక్తము లేకపోవుట దారుణము. ఎర్రకణములు చల్లనిపెట్టెలో 35, 42 దినములు నిలువయుండును. ప్లేట్‌లెట్లు ఐదు దినములే నిలుచును. డబ్బు తీసికొని రక్తమిచ్చు పద్ధతిని సుప్రీంకోర్టు 1996 నాటి తీర్పుతో అంతమొందించినది. ఇక మిగిలినది దాతల దయయే. ఆపరేషనుకు ముందునాడు దొరకిన బంధువును బ్రతిమాలి తెచ్చుటకన్న, ఆరోగ్యవంతులైనవారు ఏటికి రెండు మూడు మారులు స్వయముగ ఇచ్చుట వలన, నడిరాత్రి ప్లేట్‌లెట్లు కావలసిన అపరిచితుడు బ్రదుకును.

ఇంతవరకు స్రావమును గూర్చియే చెప్పితిని. రక్తము మితిమీరి గడ్డకట్టుట ఇంకొక ఆపద. బైపాస్ చేసి క్రొత్తగా అతికిన నాళము గడ్డతో మూసికొనిపోకుండ, స్రావము తగ్గిన కొన్ని గంటలకే ఆస్పిరిన్ మొదలుపెట్టుదురు. సాయంకాలము రక్తము కారకుండ శ్రమించిన చేతులే తెల్లవారుసరికి అది గడ్డకట్టకుండ మందిచ్చుచున్నవి! హెపారిన్ వలన మరియొక వింత కలదు: కొందరిలో, మందిచ్చిన ఐదవ దినమునుండి పదవ దినము లోపల, దేహము దానిపై పగబట్టినట్లు ప్రతిరక్షకములను పుట్టించి, ప్లేట్‌లెట్ల సంఖ్యను సగమునకు తగ్గించును. ప్లేట్‌లెట్లు తగ్గినచో స్రావము జరుగునని ఎవరైనను అనుకొందురు. ఈ వ్యాధిలో మాత్రము కాళ్ళలో, ఊపిరితిత్తులలో, మెదడులో గడ్డలు పుట్టును. అపుడు హెపారిన్‌ను పూర్తిగా మాని వేరు మందు వాడుదురు.

ఇక రోగి కుటుంబమువారు చేయదగినదేమి? ఆపరేషనుకు పూర్వము రోగి మ్రింగుచున్న ప్రతిమాత్రను, చీటీలతో సహా, వైద్యునికి చూపవలెను. స్టెంటు వేసినపుడు వ్రాసిన క్లోపిడోగ్రెల్‌ను సాధారణముగ ఐదు దినములు, ప్రసుగ్రెల్‌ను ఏడు దినములు ముందుగ ఆపింతురు. ఆస్పిరిన్‌ను తరచుగ కొనసాగింతురు. ఎప్పుడాపవలెనో వైద్యుడే చెప్పవలెను. ఎవరో చెప్పిరని తామే ఆపరాదు. మోకాళ్ళనొప్పికి మందులషాపులో అడిగి తెచ్చుకొన్న మాత్రలను, నాటువైద్యుని చూర్ణములను దాచరాదు. మధుమేహమునకు పాలవలె తెల్లగ నుండు ఎన్.పి.హెచ్. ఇన్సులిన్ తీసికొనువారు ఆ సంగతి తప్పక చెప్పవలెను. అందు ప్రోటమిన్ చేరియుండుటచేత, ఆపరేషనులో అదే మందిచ్చినపుడు దేహము తీవ్రముగ ప్రతిఘటించు అవకాశము కొందరిలో కలదు.

స్రావము స్వల్పమై, నీరువలె పలుచబడినపుడు, బహుశః రెండవ దినమున, గొట్టములను తీయుదురు. ఊపిరి బిగబట్టుమని చెప్పి ఒక్క లాగున తీసి కుట్టు ముడివేయుదురు. క్షణకాలపు నొప్పి, అటుపిమ్మట దగ్గుటయు, గట్టిగ ఊపిరి పీల్చుటయు ఎంతో సుఖమగును. గొట్టముండగా నొప్పికి భయపడి దగ్గక ఊరకుండువారికి కఫము చేరి జ్వరము వచ్చును గనుక, నొప్పిమందు అడుగుటకు మొగమాటపడరాదు.

మన పల్లెలలో చిన్ననాటి కీళ్ళజ్వరముచేత కవాటములు చెడినవారు ఇప్పటికిని అనేకులు. వారికి లోహపు కవాటము, తిరువనంతపురములోని శ్రీచిత్ర సంస్థలో రూపొందించి 1990లో తొలిసారి అమర్చిన చిత్ర వాల్వువంటిది, వేసిన పిమ్మట, గడ్డ పుట్టి కవాటము బిగిసికొనిపోకుండ వార్‌ఫరిన్ లేదా ఎసిట్రోమ్ మాత్రను జీవితాంతము వాడవలెను. రక్తము గడ్డకట్టు కాలమును కొలుచు ఐ.ఎన్.ఆర్. పరీక్షలో అంకె ఎంత ఉండవలెనో, ఏ కవాటమునకెంతయో వైద్యుడు వ్రాసియిచ్చును. సాధారణముగ రెండుకు తగ్గరాదు, మూడున్నరకు మించరాదు. ఆకుకూరలలోని కె విటమిను ఈ మాత్రకు ఎదురు నడచును గనుక కొందరు గోంగూర, తోటకూర, మునగాకులను పూర్తిగా మానిపించి రోగిని నీరసపరతురు. అది అవసరము కాదు. తిన్నంత ప్రతివారమును ఒకే తీరున తినవలెను. శ్రావణమాసమంతయు మాని, పిదప ఒక్కమారు గంపెడు తిన్నచోనే చిక్కు. జ్వరమునకు ఊరి ఆర్.ఎం.పి. వైద్యుడు పిరుదుపై సూది వేయబోయిన, ఈ మాత్ర సంగతి చెప్పి ఆపవలెను. లేనిచో కండరములో రక్తము కారి పెద్దగడ్డ కట్టును. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పిమాత్రలు కూడదు. క్రొత్తగ ఏ ఆంటీబయోటిక్ మొదలుపెట్టినను కొన్ని దినములలో ఐ.ఎన్.ఆర్. మరల చూపించుకొనవలెను. పన్ను తీయించుకొనుటకని మాత్రను తామే ఆపుకొని, కవాటము మూసికొని వచ్చినవారున్నారు.

మరియొక సంగతి. గొట్టములు తీసి ఇంటికి పంపిన తరువాత, రెండవ వారమునో మూడవ వారమునో, హృదయావరణములో రక్తము మెల్లగ చేరుటయు కలదు. రక్తమును పలుచబరచు మాత్రలు వాడువారిలో ఇది అధికము. తొలిరాత్రివలె ఉప్పెనగా రాదు. నడచుచున్న మనిషి నడువలేననును, ఆకలి పోవును, పడుకొన్నచో ఆయాసము, కాళ్ళవాపు, మూత్రము తగ్గుట, లేచి నిలుచుండిన కన్నులు తిరుగుట కలుగును. ఇంటివారు, ఆపరేషనైన నీరసము కదా, గంజి పోసి పడుకొనబెట్టుదము అనుకొందురు. నీరసము దినదినమునకు తగ్గవలెను. తగ్గుచు వచ్చినది మరల పెరిగినచో, ఆ దినమే ఎకో తీయించవలెను. సమీపపు ఆసుపత్రిలో క్రొత్తవైద్యుడు చూచునపుడు, గుండె ఆపరేషనై ఇన్ని దినములైనదనియు, రక్తమును పలుచబరచు ఫలానా మాత్ర నడచుచున్నదనియు, నోరు తెరచిన వెంటనే చెప్పవలెను. ద్రవము కనబడినచో సూదితోనో, చిన్నకోతతోనో దానిని తీసివేయుదురు. తీసిన నిమిషములలోనే రక్తపీడనము లేచి, రోగి వెల్లకిల పండుకొని ఊపిరి తీయగలడు.